రాక్ సంగీత కామిక్ స్ట్రిప్: బొమ్మలో నవ్వు, మాటలో నవ్వు

రాక్ సంగీతానికి ప్రాణం చప్పుడు. కాగితానికి లేనిది అదే. ఈ లోటునే పెట్టుబడిగా పెట్టుకుని బతికిన హాస్య ప్రక్రియ రాక్ కామిక్ స్ట్రిప్. దినపత్రికలో మూడు నాలుగు గడుల్లోనో, సంగీత వారపత్రికలో ఒక మూలనో వచ్చే ఈ స్ట్రిప్పుల్లో పాట వినబడదు కాబట్టి, గీసేవాళ్లు పాట చుట్టూ ఉన్నదంతా గీశారు. జుట్టు, తోలు కోటు, బ్యాండు పేరు, మేనేజరు, కాంట్రాక్టు, సమీక్షకుడి పాండిత్యం, పక్క గదిలో తండ్రి మొహం, అన్నీ అందులోకి వచ్చాయి. చూడగా చూడగా తేలేదేమిటంటే, వాటిలో మంచివేవీ సంగీతాన్ని వెక్కిరించలేదు. సంగీతం పేరు చెప్పి నడిచే పటాటోపాన్ని వెక్కిరించాయి. ఈ వ్యాసం ప్రధానంగా అమెరికా, బ్రిటన్, జపాన్ స్ట్రిప్పుల గురించి. ఫ్రాన్స్, బెల్జియంల ప్రస్తావన కొంత వస్తుంది.

కాగితం మీద పుట్టిన బ్యాండ్లలో భారతీయ పాఠకులకు ముందుగా గుర్తొచ్చేది ఆర్చీస్. ఆర్చీ కామిక్స్ కుర్రాళ్లు 1968లో టీవీ యానిమేషన్‌లో బ్యాండుగా మారారు. మరుసటి ఏడాది 'షుగర్, షుగర్' పాట బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ గొంతు రాన్ డాంటే అనే స్టూడియో గాయకుడిది. జోయా అఖ్తర్ 2023లో ఈ పాత్రలనే 1960ల నాటి ఆంగ్లో ఇండియన్ ఊరికి తెచ్చి సినిమా తీశారు. అయితే ఆర్చీస్‌లో రాక్ గురించిన నవ్వు తక్కువ. అక్కడ గిటార్ ఒక అలంకారం, అసలు కథ వెరోనికా, బెట్టీలది. రాక్‌ను లోపలి నుంచి ఎరిగినవాళ్లు గీయడం మొదలుపెట్టాకే ఈ ప్రక్రియకు పదును వచ్చింది.

చప్పుడును గీయడం

సంగీతాన్ని బొమ్మగా మార్చే పాఠం రాక్ కంటే ముందే ఉంది. 'పీనట్స్' స్ట్రిప్‌లో చార్లెస్ షుల్జ్ తన బుల్లి పియానో వాద్యకారుడు ష్రోడర్ తల మీద బీథోవెన్ స్వరలిపిని ఉన్నదున్నట్టు చూసి గీసేవారు. ఆ స్వరలిపి అలంకారం మాత్రమే కాదు, ఒక వస్తువు. పాత్రలు దాన్ని పట్టించుకుంటాయి, దానికి తగులుకుంటాయి. రాక్ స్ట్రిప్పుల్లో ఇలాంటి స్వరలిపి దాదాపు కనబడదు. చాలామంది రాక్ వాద్యకారులు లిపి చూసి వాయించేవాళ్లు కారు, పాఠకులు చదివేవాళ్లూ కారు. కాబట్టి చప్పుడుకు వేరే దారులు వెతకాల్సి వచ్చింది.

వాటిలో మొదటిది అక్షరం. గొంతు పెరిగినకొద్దీ అక్షరం లావెక్కుతుంది, వంకర పోతుంది, గడి గీతను తోసుకుని బయటికొస్తుంది. మాటల బుడగ అంచులు రంపపు పళ్లలా మారతాయి. రెండోది వస్తువు: కిటికీ అద్దం, టీకప్పు, గోడ మీద పటం. బెల్జియం చిత్రకారుడు ఫ్రాంకెన్ 'గాస్టన్' స్ట్రిప్‌లో సృష్టించిన గాఫోఫోన్ అనే వాద్యం ఈ వరసలో శిఖరం. తీగ మీటితే చుట్టుపక్కల కట్టడాలకు ముప్పు. మూడోది వినేవాడి మొహం. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది ఇదే. వాయించేవాణ్ని ఒక్క గడిలోనూ చూపకుండా, కింద అంతస్తులో భోజనం చేస్తున్న తల్లిదండ్రుల పళ్లాలు కదలడం మాత్రం చూపిస్తే చాలు, డ్రమ్ములు వినబడతాయి. తెలుగు కార్టూన్లు చదివినవాళ్లకు ఇది పరిచితమైన సూత్రమే. పక్కింటి వాటాలో సంగీత సాధన మొదలవుతుంది, ఇటువైపు ఇంటాయన చెవుల్లో దూది. కచేరీ మనకు వినపడనక్కరలేదు.

జెర్రీ స్కాట్ రాస్తుండగా జిమ్ బోర్గ్‌మన్ బొమ్మలు వేసిన 'జిట్స్' (1997 నుంచి) ఈ మూడో దారిని ఇంటి కథగా మలచింది. కథానాయకుడు జెరెమీ డంకన్ హైస్కూలు కుర్రాడు, గిటార్ వాయిస్తాడు. అతని బ్యాండు పేరు గోట్ చీజ్ పిజ్జా. రాజకీయ కార్టూన్లకు 1991లో పులిట్జర్ అందుకున్న బోర్గ్‌మన్, జాతీయాన్ని అక్షరార్థంగా గీసే అలవాటును ఇక్కడికీ తెచ్చారు. తెలుగులో 'ఒళ్లంతా చెవులు చేసుకుని' అంటామే, ఆ మాటను నిజంగానే ఒళ్లంతా చెవులున్న మనిషిగా గీస్తే ఎలా ఉంటుందో, ఆయన బొమ్మ అలా ఉంటుంది. బొమ్మా మాటా ఒకదానికొకటి శ్లేష కావడమంటే ఇదే.

బ్రిటన్ వారపత్రికలు

1970లలో బ్రిటన్‌లో సంగీత వారపత్రికలకు గొప్ప గిరాకీ. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్, మెలడీ మేకర్, సౌండ్స్ పోటీపడి అమ్ముడుపోయేవి. వాటి పాఠకుడికి ఏ గాయకుడు ఏ బ్యాండు వదిలి ఎందులో చేరాడో, ఎవరి ఆల్బమ్ ఎంత విసుగు పుట్టించిందో అంతా కంఠతా. ఇలాంటి పాఠకుడు దొరికితే కార్టూనిస్టుకు సగం పని తప్పుతుంది. జోక్‌కు ముందు వివరణ అక్కర్లేదు. దినపత్రికలో వచ్చే అమెరికన్ స్ట్రిప్‌కు, బ్రిటిష్ స్ట్రిప్‌కు ఉన్న తేడా ఇక్కడే ఉంది. అమెరికాలో రాక్ ఏమిటో తెలియని బామ్మ కూడా నవ్వాలి. ఇక్కడ ఆ బామ్మతో పని లేదు.

న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌లో టోనీ బెన్యన్ గీసిన 'ది లోన్ గ్రూవర్' ఆ దశకానికి గుర్తు. అదే పత్రికలో వ్యంగ్యచిత్రాలు వేసిన రే లౌరీ 1979లో క్లాష్ బ్యాండు వెంట అమెరికా పర్యటనకు వెళ్లారు. ఆ ఏడాది చివర వచ్చిన 'లండన్ కాలింగ్' ఆల్బమ్ అట్ట రూపకల్పన ఆయనదే. 1956 నాటి ఎల్విస్ ప్రెస్లీ తొలి ఆల్బమ్ మీది గులాబీ, ఆకుపచ్చ అక్షరాల అమరికను యథాతథంగా తెచ్చి, పాడుతున్న ఎల్విస్ ఉన్నచోట బేస్ గిటార్‌ను నేలకేసి కొడుతున్న పాల్ సైమనన్ ఫొటో పెట్టారు. కార్టూనిస్టు బుద్ధి అంటే అది. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే మూడో అర్థం పుడుతుంది, ఒక్క మాట రాయనక్కర్లేదు.

సౌండ్స్ పత్రికలో మరో యువకుడు 1979లో 'రోస్కో మాస్కో' అనే స్ట్రిప్ మొదలుపెట్టాడు. రాక్ అండ్ రోల్‌ను చంపిందెవరో కనిపెట్టడానికి బయల్దేరిన డిటెక్టివ్ కథ అది. సంతకం కర్ట్ వైల్. జర్మన్ సంగీతకర్త కుర్ట్ వైల్ పేరు మీద శ్లేష అది. ఇంగ్లీషులో విడదీసి చదివితే 'ముక్తసరి', 'నీచం' అనే రెండు విశేషణాలు. సంతకంలోనే జోక్ పెట్టిన ఆ యువకుడు అలన్ మూర్, తర్వాత 'వాచ్‌మెన్' రాసినాయన. ఆయన గీతలో చుక్కల నీడలు ఎక్కువ, గడి నిండా వివరాలు ఎక్కువ. బొమ్మలు వేయడంలో తన వేగం చాలదని తెలుసుకుని రచనకు పరిమితమయ్యారు. సౌండ్స్‌లోనే శావేజ్ పెన్సిల్ అనే కలం పేరుతో ఎడ్విన్ పౌన్సీ కావాలని మొరటుగా గీసిన 'రాక్ అండ్ రోల్ జూ' వచ్చేది. పంక్ పాటలాగే పంక్ గీతకూ నునుపు ఉండకూడదన్నది అక్కడి సూత్రం.

వీటన్నిటి వారసత్వం 'గ్రేట్ పాప్ థింగ్స్'లో పోగుపడింది. 1987లో రికార్డ్ మిర్రర్‌లో మొదలై, తర్వాత న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌కు మారిన ఈ స్ట్రిప్‌కు రచన కోలిన్ బి. మోర్టన్, బొమ్మలు చక్ డెత్. చక్ డెత్ అసలు పేరు జాన్ లాంగ్‌ఫర్డ్. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో పుట్టి, లీడ్స్‌లో 1977లో ఏర్పడిన మెకాన్స్ బ్యాండులో తొలినాళ్ల నుంచీ ఉన్నవాడు. అంటే వెక్కిరిస్తున్నది బయటివాడు కాదు, వేదిక మీద నిలబడి చెమటోడ్చినవాడే. 1998లో వర్స్ కోరస్ ప్రెస్ వేసిన సంకలనానికి విమర్శకుడు గ్రీల్ మార్కస్ ముందుమాట రాశారు. ఉపశీర్షికలో అది ఎల్విస్ నుంచి ఒయాసిస్ దాకా రాక్ అండ్ రోల్ 'నిజమైన' చరిత్రనని చెప్పుకుంది. ఆ విశేషణమే మొదటి జోక్.

ఈ స్ట్రిప్ హాస్యం పనిచేసే తీరు ప్రత్యేకం. పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసిన విద్యార్థి, సగం గుర్తుండీ సగం గుర్తులేకా, ధైర్యం మాత్రం సడలకుండా రాసే జవాబులా ఉంటుంది కథనం. పేర్లు తారుమారవుతాయి. పాటలోని రూపకాన్ని నిజంగా జరిగిన సంఘటనగా చెబుతారు. ఒకరి జీవితం మరొకరి ఖాతాలో పడుతుంది. చెప్పే గొంతు మాత్రం ఆచార్యుడిది. పక్కన లాంగ్‌ఫర్డ్ బొమ్మ ఆ తప్పును నిజమని నమ్మి గీసినట్టుంటుంది. మాట అబద్ధమాడుతుంటే బొమ్మ సాక్ష్యం చెబుతుంది. ఈ కూటసాక్ష్యంలోనే నవ్వంతా. అప్పటికి రాక్ మీద బరువైన చరిత్రలు, మహాపురుషుల జీవితకథలు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. ఆ గ్రంథాల కంఠాన్ని అరువు తెచ్చుకుని, అందులో చెత్త నింపి తిరిగి ఇచ్చారు ఈ ఇద్దరూ. పోలిక చెప్పాలంటే, 1930లో సెల్లర్, యీట్‌మన్‌లు రాసిన '1066 అండ్ ఆల్ దట్' ఇంగ్లండు చరిత్ర పాఠ్యపుస్తకాలకు చేసిన మర్యాదే ఇది.

దీని బలహీనతా ఇందులోనే ఉంది. అసలు కథ తెలియనివాడికి తప్పు తప్పని తెలియదు. అప్పుడది ఉత్త గందరగోళం.

అమెరికా దినపత్రికలు

గ్యారీ ట్రూడో 'డూన్స్‌బరీ' 1970 అక్టోబరులో మొదలైంది. పులిట్జర్ బహుమతి (1975) అందుకున్న మొదటి కామిక్ స్ట్రిప్ ఇదే. అందులోకి 1970ల నడుమ జిమ్మీ థడ్‌పకర్ అనే గాయకుడు వచ్చాడు. ట్రూడో బొమ్మకు అప్పట్లో చలనం తక్కువ. నాలుగు గడుల్లోనూ అదే సోఫా, అదే మొహం, సగం మూసిన కళ్లు. కదిలేది మాట ఒక్కటే. నక్షత్రం లాంటి గాయకుణ్ని ఇలా కదలని గడుల్లో కూర్చోబెట్టడమే ఒక వ్యాఖ్య. వేదిక మీద ఎగిరిపడేవాడు ఇక్కడ పన్నులు, ఆస్తిపాస్తులు, స్టూడియో అద్దె గురించి నిదానంగా మాట్లాడతాడు. కొడుక్కి పెట్టుకున్న పేరు ఫీడ్‌బ్యాక్. మైకును స్పీకరుకు దగ్గరగా పెడితే వచ్చే కీచుమోత అది. వినడానికి అతిశయోక్తిలా ఉన్నా, ఫ్రాంక్ జప్పా తన కూతురికి మూన్ యూనిట్ అని నిజంగానే పేరు పెట్టుకున్న కాలమది. లోకం ఇంత దూరం వచ్చేశాక కార్టూనిస్టు పరుగెత్తాల్సిన పని లేదు, అడుగు ముందుకేస్తే చాలు. థడ్‌పకర్ పేరిట 1977లో నిజమైన ఆల్బమ్ వచ్చింది. 1978లో రోలింగ్ స్టోన్ పత్రిక అతనితో కల్పిత ఇంటర్వ్యూ వేసింది.

బర్క్‌లీ బ్రెథెడ్ 'బ్లూమ్ కౌంటీ' (1980–1989) దీనికి పూర్తిగా ఎదురు ధోరణి. ఇందులో బిల్ అనే పిల్లి ఉంది. ముద్దుగా అమ్ముడుపోయే గార్‌ఫీల్డ్ లాంటి పిల్లుల మీద విసుగుతో పుట్టిన పాత్ర: పీక్కుపోయిన బొచ్చు, చెరో దిక్కూ చూసే కళ్లు, వేలాడే నాలుక. భాష దాదాపు లేదు, వాంతి వచ్చినట్టు చేసే ఒకటి రెండు చప్పుళ్లే సంభాషణ. ఇలాంటి జీవికి లోకంలో తగిన ఉద్యోగం ఏమిటి? హెవీ మెటల్ గాయకుడు. స్టీవ్ డాలస్ అనే లాయరు మేనేజరై బ్యాండు కడతాడు. అందులో బిల్ వాయించేది తన నాలుకనే. ఓపస్ అనే పెంగ్విన్ ట్యూబా ఊదుతుంది. హాడ్జ్ పాడ్జ్ అనే కుందేలు డ్రమ్ములు కొడుతుంది. చావు, నాలుక అనే రెండు ఇంగ్లీషు మాటలు అతికించి బ్యాండుకు డెత్‌టంగ్ అని పేరు పెడతారు.

ఆ పేరులో ఓ అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. వాటి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ ప్రక్రియలోని బొమ్మ హాస్యం, మాట హాస్యం రెండూ ఆ రెండు చుక్కల్లో కలుస్తాయి. జర్మన్‌లో అచ్చు మీద అలా రెండు చుక్కలు పెడితే ఉచ్చారణ మారుతుంది. ఇంగ్లీషుకు వాటితో పని లేదు. కానీ 1970ల తొలినాళ్లలో బ్లూ ఆయిస్టర్ కల్ట్, తర్వాత మోటర్‌హెడ్, మాట్లీ క్రూ బ్యాండ్లు తమ పేర్లకు ఆ చుక్కలు తగిలించుకున్నాయి. పలకడానికి కాదు, భయపెట్టడానికి. మన లిపిలో చెప్పాలంటే, 'దండు' అని పేరు పెట్టుకుని, గంభీరంగా ఉంటుందని 'ధండు' అని రాసుకోవడం లాంటిది. సంఖ్యాశాస్త్రం పేరు చెప్పి సినిమా వాళ్లు ఇంగ్లీషు స్పెల్లింగులో అదనపు అక్షరాలు దూర్చడం చూసిన తెలుగువాళ్లకు ఈ మోజు అర్థం కావడం కష్టమేమీ కాదు. 1984లో వచ్చిన 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' సినిమా ఆ చుక్కల్ని అచ్చు మీద కాకుండా ఎన్ అనే హల్లు మీద పెట్టి, దాన్ని జర్మన్‌లో కూడా పలకలేని స్థితికి తెచ్చింది. బ్రెథెడ్ చుక్కలు అంత దూరం పోవు. అయితే ఆయన చేతిరాతలో ఆ పేరు ప్రతి గడిలోనూ కనబడుతుంటుంది కాబట్టి, పాఠకుడు చదవకముందే చూసి నవ్వుతాడు.

బ్యాండుకు ఈ పేరు ఎక్కువకాలం నిలవలేదు. నిజ జీవితంలో 1985లో టిప్పర్ గోర్ తదితరులు రాక్ పాటల్లోని అశ్లీలం మీద ఉద్యమం నడిపారు. ఆ సెప్టెంబరు 19న అమెరికా సెనేట్ కమిటీ విచారణలో ఫ్రాంక్ జప్పా, డీ స్నైడర్, జాన్ డెన్వర్ వాంగ్మూలం ఇచ్చారు. రికార్డుల మీద తల్లిదండ్రులకు హెచ్చరిక చీటీ అతికించే ఆచారం ఆ గొడవలో నుంచే వచ్చింది. స్ట్రిప్‌లో స్టీవ్ డాలస్ కూడా అలాంటి విచారణను ఎదుర్కొని, బ్యాండు పేరును బిల్లీ అండ్ ది బోయింగర్స్ అని మారుస్తాడు. పిల్లి అదే, నాలుక అదే, మారింది బోర్డు ఒక్కటే. సెన్సారు కోరేదీ, వ్యాపారి ఇచ్చేదీ ఇంతకు మించి ఉండదని బ్రెథెడ్ ఉపన్యాసమేమీ లేకుండా తేల్చేశారు. 1987లో ఆయనకు పులిట్జర్ వచ్చింది, అదీ సంపాదకీయ కార్టూన్ల విభాగంలో. రాజకీయ కార్టూనిస్టుల్లో కొందరు అందుకు కినుక వహించారు కానీ, ఈ బ్యాండు కథ ఒక్కటి చదివినా ఆ విభాగం తప్పేమీ కాదనిపిస్తుంది. అదే ఏడాది వచ్చిన సంకలనంలో ఒక పల్చటి వంగే రికార్డును కుట్టి ఇచ్చారు. బ్యాండు కోసం పాటలు పంపమన్న పోటీలో గెలిచిన నిజం బ్యాండ్ల పాటలు రెండు అందులో ఉన్నాయి. ఒకటి న్యూజెర్సీకి చెందిన మకీ పప్ బ్యాండు పాడింది.

నా మట్టుకు ఆ రికార్డు మంచి ఆలోచన కాదు. బిల్ పిల్లి నాలుక ఎలా మోగుతుందో ఎవరి ఊహకు వాళ్లకు వదిలేసినంత కాలం అది లోకంలోకెల్లా భయంకరమైన బ్యాండు. వినిపించాక మామూలు బ్యాండు.

పీటర్ బాగ్ 'హేట్' (1990–1998) స్ట్రిప్ కాదు, కామిక్ పుస్తకం. అయినా సియాటిల్ రాక్ ఉప్పెన కాలాన్ని దీనంత నిర్దాక్షిణ్యంగా గీసినది మరొకటి లేదు. మనుషులకు మోచేతులుండవు, చేతులు రబ్బరు గొట్టాల్లా వంగుతాయి, కోపమొస్తే మొహమంతా నోరే. కథానాయకుడు బడీ బ్రాడ్లీ ఒక బ్యాండుకు మేనేజరవుతాడు. కీర్తి వాళ్ల పక్కనుంచే వెళ్లిపోతుంది. ఫ్రాన్స్‌లో ఫ్రాంక్ మార్జెరాన్ గీసిన లూసియెన్ దీనికి మెత్తటి తోబుట్టువు. నుదుటి మీద అరటిపండులా ముందుకు పొడుచుకొచ్చిన జుట్టే అతని వ్యక్తిత్వం. నల్లటి నీడలో గీసినా అతనెవరో తెలిసిపోతుంది.

జపాన్: నుదుటి మీద ఒక్క అక్షరం

వాకసుగి కిమినోరి 'డెట్రాయిట్ మెటల్ సిటీ' 2005 నుంచి 2010 దాకా యంగ్ యానిమల్ పత్రికలో వచ్చింది. పేరు కిస్ బ్యాండు పాట 'డెట్రాయిట్ రాక్ సిటీ' మీద ఆట. కథానాయకుడు నెగిషి సోయిచి ఓయితా ప్రాంతపు పల్లెటూరివాడు, మృదుస్వభావి, తీయటి ప్రేమపాటలు పాడుకోవాలని టోక్యో వచ్చినవాడు. పొట్టకూటి కోసం మొహానికి తెల్లరంగు పూసుకుని రెండో యోహనెస్ క్రౌజర్ అనే రాక్షసుడై, చెవులు మూసుకోవలసిన బూతులతో డెత్ మెటల్ పాడతాడు. అతని నుదుటి మీద ఒకే ఒక్క చైనా అక్షరం ఉంటుంది. దాని అర్థం 'చంపు'. చిత్రలిపి ఉన్న భాషలో మాటే బొమ్మ, బొమ్మే మాట. బ్రెథెడ్ రెండు చుక్కలతో సాధించింది వాకసుగి ఒక్క అక్షరంతో సాధించారు.

ఇందులో నవ్వు పుట్టించే యంత్రం అభిమానులు. క్రౌజర్ ఏం చేసినా దాన్ని రాక్షసత్వంగానే చదువుకుంటారు. తడబడితే అదొక కొత్త క్రూరత్వం, పారిపోతే అదొక వ్యూహం. గ్రీల్ మార్కస్ తరహా విమర్శకుల వ్యాఖ్యానోత్సాహాన్ని ఇంత సూటిగా గుచ్చిన పాత్రలు మరెక్కడా లేవు. ఒక కథలో నెగిషి ఇంటికెళ్లేసరికి తమ్ముడు క్రౌజర్ భక్తుడై, పనీ చదువూ వదిలి జులాయిగా తయారై ఉంటాడు. అన్నగా చెబితే వినడు. దాంతో నెగిషి క్రౌజర్ వేషం వేసుకుని పల్లెలో ప్రత్యక్షమై, ఆ రాక్షస భాషలోనే వాణ్ని పొలం పనికీ పుస్తకాల దగ్గరికీ మళ్లిస్తాడు. ఆకుపచ్చటి పొలం మధ్య ముళ్ల భుజకీర్తులతో నిలబడ్డ రాక్షసుడి బొమ్మకు ఏ భాషలోనూ అనువాదం అక్కర్లేదు. 2008లో దీన్ని మత్సుయామా కెనిచీతో సినిమాగా తీశారు. కిస్ బ్యాండు జీన్ సిమ్మన్స్ అందులో ప్రత్యర్థి గాయకుడిగా కనిపిస్తాడు.

ఈ స్ట్రిప్పుల్లో మాట హాస్యం అనువాదానికి లొంగడం కష్టం. థడ్‌పకర్ పన్నుల గొడవకు అమెరికా తెలియాలి. 'గ్రేట్ పాప్ థింగ్స్'కు ముప్పై ఏళ్ల బ్రిటిష్ పాటల చరిత్ర తెలియాలి. డెత్‌టంగ్ చుక్కలకు రోమన్ లిపి కావాలి. 'డెట్రాయిట్ మెటల్ సిటీ' సంగతి వేరు. దాని నవ్వు సగం మర్యాద స్థాయిల్లో ఉంది. నెగిషి తనను తాను చెప్పుకునే 'నేను' వినయపు జపనీస్ మాట, క్రౌజర్ 'నేను' మొరటు మాట. అండీ, మీరు, నువ్వు, ఒరేయ్ అని మెట్లు మెట్లుగా ఉన్న తెలుగుకు ఆ తేడా ఇంగ్లీషుకన్నా తేలిగ్గా అందుతుంది. విజ్ మీడియా ఇంగ్లీషులో పది సంపుటాలుగా వేసింది. బూతులకు జడవని తెలుగు అనువాదకులెవరైనా ఉంటే, తమ్ముడి కథతో మొదలుపెట్టండి.